పదిహేనడుగుల వెనక ఆపరేటరు గారు

ఆపరేటరు గారు పోయారు. ఈ మాట మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, ఆయన నేర్పిన అలవాటు వల్ల.

పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "బాపట్ల నుంచి మాట్లాడుతున్నానండి. ఆపరేటరు గారి అమ్మాయిని. నాన్నగారు వెళ్ళిపోయారండి," అంది ఒక ఆడగొంతు. ఏడవాల్సింది పోయి నేను, "ఒక్క నిమిషమండీ, మీరు పెట్టేయండి, నేనే చేస్తాను," అన్నాను. అవతల ఆమె ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. "చెయ్యండి. మీరు ఇట్లాగే అంటారని నాన్న ముందే చెప్పారు," అంది.

నా దగ్గరున్న ఆయన నంబరుకి చేశాను. రెండో రింగుకి ఎత్తారు. అదే గొంతు. అప్పుడు నమ్మాను. నమ్మాక, సర్దిన టిఫిన్ డబ్బా మళ్ళీ విప్పేశాను.

"ఫోనులో విన్నది సగమే నిజం. పెట్టేసి, నీ దగ్గరున్న నంబరుకి నువ్వు చెయ్యి. అప్పుడు ముప్పావు నిజం," అనేవారు ఆయన. మిగతా పావు ఏంటండీ అని అడిగితే, "వెళ్ళి కళ్ళతో చూస్తే వచ్చుద్ది," అనేవారు. ఆ పావు కోసం అదే రోజు బాపట్ల వెళ్ళాను. చూశాను. ఇక అనుమానం లేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు దయగలవారనీ అజాతశత్రువనీ రాస్తారు. ఆయన గురించి అట్లా రాస్తే ఆయనే ఒప్పుకోరు. ఆయన అనుమానపు మనిషి. తాళం వేసి రెండుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి మూడోసారి లాగేవారు. హోటల్లో ఇడ్లీని తిరగేసి చూసి గానీ తుంచేవారు కాదు. అనుమానం పెనుభూతం అని మనమంతా చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాం. ఆయన అనుమానం లేకపోతే నేను ఈరోజు ఇది రాయడానికి ఉండేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

మాది రేపల్లె. తెనాలిలో ఒక హెల్ప్‌లైన్‌లో పని చేస్తున్నాను. బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్ళు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు ఫోను చేస్తే మేం వింటాం. పగలు మా వంతు. చీకటి పడ్డాక వచ్చే ఫోన్లు వేరే ఊళ్ళో వాళ్ళు ఎత్తుతారు. మార్కెట్ వెనక సందులో, ఒక మానసిక వైద్యురాలి క్లినిక్ పైన రెండు గదులు. ముందు గదిలో రెండు బల్లలు, ఒకటి నాది, ఒకటి ఆయనది. మాకు పెద్ద ఆ డాక్టరు గారే.

ఆపరేటరు గారు రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ట్రంకు కాల్సు కలిపే రోజుల నుంచి పని చేసి రిటైరైన మనిషి. తెల్లచొక్కా, మెడ దాకా బొత్తాలు, చెవి మీద చెయ్యి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా చెయ్యి చెవి మీదే ఉండేది. మాటలకంటే మాటల వెనక చప్పుళ్ళు వినేవారు. ఒకసారి ఒకావిడ ఇంట్లో ఒంటరిగా ఉన్నానని చెబుతుంటే ఈయన రెండో రిసీవరులో విని, కాగితం మీద "పక్కన ఎవరో ఉన్నారు, అవును కాదు అనే జవాబు వచ్చేట్టు అడుగు" అని రాసి నా ముందు పెట్టారు. నిజంగానే ఆమె భర్త పక్కన నిలబడి ఉన్నాడు.

నేను చేరిన రోజున గోడ మీద ఆయన గుండ్రటి అక్షరాలతో రాసిన కాగితం చూపించి గట్టిగా చదవమన్నారు. "పేరు చెప్పవద్దు. ఊరు చెప్పవద్దు. ఎవరమ్మాయివో అసలే చెప్పవద్దు. ఫోనులో అన్నయ్యలు, బాబాయిలు లేరు. అండి చాలు."

నాకు నవ్వొచ్చింది. మన వైపు సంగతి మీకు తెలియనిది కాదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషి వంతెన దాటేలోపు మీదే ఊరు అంటాడు, రెండో స్టాపుకి ఎవరమ్మాయివి అంటాడు, మూడో స్టాపు వచ్చేసరికి మనకి మావయ్య అయిపోతాడు. అన్నయ్యా అనకుండా ఆటో కూడా పిలవలేం. అట్లాంటి నోటికి ఈ తాళమేంటండీ అని అడిగాను.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారుగా," అన్నారు. "పేరు కావాలంటే మార్చుకోవచ్చమ్మా. ఎవరమ్మాయివో మార్చుకోలేవు."

ఆయన్ని కూడా సార్ అనే పిలవమన్నారు. బాబాయ్ గారూ అని రెండుసార్లు నోరు జారితే రెండుసార్లూ వినపడనట్టు కూర్చున్నారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన మెట్లు దిగి టీకి వెళ్ళారు. అప్పుడొక ఫోను వచ్చింది. ముప్పై ఏళ్ళలోపు మగగొంతు. అమ్మ పోయిందట, ఇంటికి పోతే పొయ్యి చల్లగా ఉంటుందట. "అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు లేరండి," అన్నాడు.  చాలాసేపు మాట్లాడాను. చివర్లో అతను, "మీ గొంతు మా చెల్లెలి గొంతులా ఉందండి. మీదే ఊరమ్మా?" అన్నాడు.

"రేపల్లె అన్నయ్యా," అన్నాను.

"రేపల్లెలో ఎవరమ్మాయివమ్మా?"

"మా తాతయ్య వాళ్ళది చెరుకుపల్లి అండి. నాన్నది రేపల్లెలో ఎరువుల కొట్టు."

నాలుక కరుచుకునేలోపు అన్నీ అయిపోయాయి. గోడ మీద కాగితం నన్నే చూస్తోంది. ఆపరేటరు గారు పైకి వచ్చి, "ఏమైనా ఫోన్లు వచ్చాయా?" అంటే, వచ్చిందండి అన్నాను గానీ ఏం చెప్పానో చెప్పలేదు. సిగ్గేసింది.

రెండు రోజులకి అదే గొంతు. "ఆకుపచ్చ చుడీదారు బాగుందమ్మా," అని పెట్టేశాడు. మర్నాడు, "నిన్న గొడుగు గదిలోనే వదిలేసి వెళ్ళావు. రెండో పెట్టె ఎక్కేసరికి తడిసి ముద్దయ్యావు," అన్నాడు. పట్టపగలు, కింద సందులో జనం, క్లినిక్‌లో పదిమంది. అయినా లేచి తలుపు గడియ పెట్టాను. గొడుగు మూలన ఉన్నట్టు ఈ గదిలో ఉన్నవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆపరేటరు గారితో చెప్పాను. ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని, "మాట మార్చకుండా చెప్పు. ఏమన్నాడు? వెనకాల ఏం వినపడింది?" అన్నారు.

"గజ్జెల చప్పుడండి. ఘల్లుఘల్లుమని. ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది."

నాకు దెయ్యాల కథలే గుర్తొచ్చాయి. ఆయన మాత్రం, "గజ్జెలా? దెయ్యానికి మన నంబరు ఎవరిచ్చారమ్మా?" అన్నారు. తర్వాత నా వైపు సూటిగా చూసి, "నువ్వేమైనా చెప్పావా వాడికి? ఊరూ గట్రా?"

"లేదండి," అన్నాను. చెప్పిన అబద్ధాల్లో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఆ తర్వాత ఫోన్లు రోజూ వచ్చాయి, సరిగ్గా ఆయన టీకి వెళ్ళాకే. ఒకరోజు కావాలనే ఆయన్ని వెళ్ళొద్దని కూర్చోబెట్టాను. ఆ రోజు ఫోను రాలేదు. మర్నాడు వెళ్ళారు, వచ్చింది. మీరే నా స్థానంలో ఉంటే ఏమనుకునేవారు? పైగా టీకి పది నిమిషాలు పట్టే మనిషి అరగంటకి, ముప్పావుగంటకి గానీ తిరిగి రావడం లేదు. ఎక్కడికెళ్ళారండీ అంటే, "ఊరికే, అట్లా సందులో," అనేవారు.

ఒక సాయంత్రం రేపల్లె బండి కోసం స్టేషనులో నిలబడి ఉంటే, ఎందుకో వెనక్కి తిరిగాను. పదిహేనడుగుల దూరంలో స్తంభం పక్కన తెల్లచొక్కా. మెడ దాకా బొత్తాలు. నేను చూడగానే స్తంభం వెనక్కి తప్పుకుంది. ఆయన ఇల్లు తెనాలిలోనే, స్టేషను దారిలో కూడా కాదు.

ఇక నాకు తాడేదో పామేదో తెలియలేదు. ఎంత మర్యాదగా ఉంటారో అంత భయమేసేది. "వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకున్నావా?" అని ఆయన మామూలుగా అడిగినా ఆ గొంతులో ఈ గొంతు వెతికేదాన్ని. రుమాలు అడ్డం పెట్టుకుంటే గొంతు మారుతుందా? నలభై ఏళ్ళు ఫోన్ల మధ్య బతికిన మనిషికి అదో లెక్కా? మర్నాడు ఆయన కిందికి వెళ్ళగానే సొరుగు లాగాను. చిన్న నోటుపుస్తకం. తెరిస్తే గుండ్రటి అక్షరాలు: "ఆకుపచ్చ. గొడుగు గదిలో. రేపల్లె బండి, రెండో పెట్టె. పసుపు చున్నీ. జడ వదులుగా." అన్నీ నా గురించే. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నేను ఎత్తలేదు. పుస్తకం పట్టుకుని మెట్లు దిగి నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

డాక్టరు గారు ఆయన్ని పిలిపించి, నా ముందే పుస్తకం ఆయన ముందు పెట్టారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషి కాదాయన. పుస్తకం చూశారు, నన్ను చూశారు. కోపం లేదు. ముఖం మాత్రం ఒక్క క్షణం చిన్నపిల్లాడి ముఖంలా అయింది. అది నేను మర్చిపోలేను.

"మంచిదమ్మా," అన్నారు. "అనుమానం వస్తే చెప్పాలి. నా మీదైనా సరే."

"మీరు కాదని చెప్పండి," అన్నారు డాక్టరు గారు.

"నేను కాదని చెబితే ఆ పిల్ల నమ్మకూడదు కదండీ. నేను నేర్పింది అదే."

గది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. సంగతి తేలేదాకా రావద్దని డాక్టరు గారు చెప్పారు. మూడు రోజులు ఫోను రాలేదు. చూశారా, ఆయనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే గెలిచినట్టు కూడా అనిపించింది.

మూడో రోజు సాయంత్రం. ఇంకా ఎండ ఉంది. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. పెట్టె నిండా తెనాలి మార్కెట్లో సరుకు అమ్ముకుని ఖాళీ బుట్టలతో తిరిగి వెళ్ళే ఆడవాళ్ళు, ఆఫీసుల వాళ్ళు. నా ఎదురుగా ఒక యువకుడు వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో నల్ల బ్యాగు. బండి కదిలాక నా వైపు వంగి, "ఇవాళ గొడుగు తెచ్చుకున్నావే," అన్నాడు.

అదే గొంతు.

"అన్నయ్యా అన్నావు కదమ్మా. ఇప్పుడు మాట్లాడవేంటి?" పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. అతని కాలు నా కాళ్ళకి అడ్డంగా ఉంది. "నీ కోసమే కదా ఆ ముసలాయన్ని కూడా పంపించేశారు. రేపల్లెలో దిగి ఎరువుల కొట్టు దాకా కలిసి నడుద్దాం. అరవకు. బ్యాగులో ఏముందో నీకు తెలియదు."

వేమూరు వచ్చింది, పోయింది. అరుద్దామంటే గొంతు లేదు. ఫోనులో ఎంతమందికో ధైర్యం చెప్పినదాన్ని, వచ్చే స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రేపల్లె వస్తే మా నాన్న ఉంటాడు, కానీ ఇతను మా నాన్న ఎవరో తెలుసుకునే వస్తున్నాడు. ఎవరమ్మాయినో నేనే చెప్పాను.

"కాస్త జరగండి బాబూ."

తలెత్తితే ఆపరేటరు గారు. పెట్టె అవతలి కొస నుంచి కమ్మీలు పట్టుకుంటూ వచ్చి, అతని పక్కన ఉన్న జానెడు చోటులో ఇరుక్కుని కూర్చున్నారు. నా వైపు చూడలేదు. నల్లబ్యాగు మీద తన చెయ్యి ఆనించి, పెట్టె అంతా వినపడేట్టు, తీరిగ్గా మొదలుపెట్టారు.

"మీదే ఊరండి?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఏ ఊరయ్యా? మాట్లాడవేంటి? రోజూ ఫోనులో బాగానే మాట్లాడతావుగా. ఎవరబ్బాయివి?"

మన వైపు రైలు పెట్టెలో ఎవరబ్బాయివి అన్న ప్రశ్న ఒకసారి లేచాక దానికి జవాబు వచ్చేదాకా ఎవరూ ఊరుకోరు. పక్క వరస నుంచి ఒకావిడ బుట్ట పక్కన పెట్టి మెడ చాచింది. "ఎవరబ్బాయంట?" "చెప్పడంట." "చెప్పకపోవడమేంటి, అమ్మా నాన్నా లేరా ఏంటి?" "అమ్మ పోయిందంట లెండి, పాపం," అన్నారు ఆపరేటరు గారు. ఆ మాట ఆయనకి నేనే చెప్పాను.

ఇంతలో వెనక నుంచి ఒక పెద్దామె లేచి వచ్చి అతని ముఖంలోకి వంగి చూసింది. "ఓరి, నువ్వా? సందులో సెల్లు కొట్టులో కూర్చునే అబ్బాయివి కదూ? చెరుకురసం బండి పక్కన? మీ అమ్మ పోవడమేంటయ్యా, మొన్న భట్టిప్రోలులో నాతో గంటసేపు మాట్లాడితే! నీకు పెళ్ళి సంబంధం చూడమని నా చేతులు పట్టుకుందే!"

అతని ముఖం చూడాలి మీరు. అంతవరకూ నాకు దెయ్యంలా కనిపించినవాడు ఆ ఒక్క మాటకి ఒకావిడ కొడుకు అయిపోయాడు. లేవబోయాడు. ఆపరేటరు గారు బ్యాగు వదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డారు. ఆడవాళ్ళు బుట్టలు దారికి అడ్డం పెట్టేశారు. అప్పుడు నా గొంతు వచ్చింది. "బాబాయ్ గారూ," అని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ ఒక్కసారి ఆయనకి వినపడింది.

రేపల్లెలో పోలీసులకి అప్పగించాం. బ్యాగులో ఏముందో వాళ్ళు చూశారు, ఆపరేటరు గారు చూశారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత తెలిసిందేంటంటే, ఆ గజ్జెలు చెరుకురసం మిషనుకి కట్టినవి. చక్రం తిరిగితే ఘల్లుమంటాయి. ఆయన అరగంటలు సందులో తిరిగింది ఏ కొట్టులో నిలబడితే ఆ చప్పుడు ఎంత వినపడుతుందో చూడటానికి. సందులో ఉన్నవి మూడు సెల్లు కొట్లు, ఏదన్నదే అప్పటికి తేలలేదు. ఆయన మెట్లు దిగడం కొట్టులోంచి కనపడుతుంది కాబట్టి ఆయన లేనప్పుడే ఫోను వచ్చేది. నేను గొడుగుతో ఎక్కడం, గొడుగు లేకుండా దిగడం కూడా కనపడుతుంది. సాయంత్రాలు స్టేషను దాకా నా వెనకే వచ్చేవాడు, ఆయన్ని పంపేశాక ఫోను మానేసి నేరుగా బండే ఎక్కాడు. పుస్తకంలో రాసుకున్నవి వాడి మాటలు, నేను చెప్పినవి చెప్పినట్టు. రావద్దన్న మూడు రోజులూ ఆయన స్టేషనుకి మాత్రం వస్తూనే ఉన్నారు. నేను భయపడతానని అవతలి కొసన ఎక్కేవారు.

ఆ సాయంత్రం రేపల్లె ప్లాట్‌ఫారం మీద నేను క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆయన ముందే, "నువ్వు ఎవరమ్మాయివో వాడికి ఎవరు చెప్పారు?" అన్నారు.

"నేనే సార్."

"ఊఁ. ఆ ముక్క ముందే చెప్పుంటే వాడి గురి నీ మీదేనని తెలిసేది, వాణ్ణి వెతకడం మొదటిరోజే మొదలుపెట్టేవాణ్ణి." అంతే. ఆయన తిట్టిన తిట్టు అదొక్కటే. నా క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. తెల్లారి బల్ల దగ్గర ఎప్పటిలా చెవి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. బాబాయ్ గారూ అన్నాను. "రైల్లో బాబాయి, ఇక్కడ సార్," అన్నారు.

మరుసటి ఎండాకాలం బాపట్ల నుంచి ముగ్గురు కుర్రాళ్ళు సినిమా తీస్తామని వచ్చారు. ఈ కథ ఎక్కడో విన్నారు. హెల్ప్‌లైన్‌లో పనిచేసే అమ్మాయికి ప్రాణగండం, భయపెట్టే సినిమా. పెళ్ళి వీడియోల కెమెరా, అరువు లైట్లు, దెయ్యం వేషానికి డైరెక్టరు వాళ్ళ పిన్ని. ఆపరేటరు గారు వాళ్ళు చెప్పిన కాలేజీకి ఫోను చేసి కనుక్కుని, పిన్ని గారితో కూడా మాట్లాడాకే గదిలోకి రానిచ్చారు. ఆదివారాలు తీసుకోండని డాక్టరు గారు ఒప్పుకున్నారు. కథ చదివితే చివర్లో హంతకుడు ఎవరయ్యా అంటే, పక్క బల్ల మీద కూర్చునే ముసలాయన.

నేను మండిపడ్డాను. "ఇది అబద్ధం కదా!"

"అక్కా, మీరే చెప్పారుగా, ఆయనే అనుకున్నానని," అన్నాడు డైరెక్టరు. "మీరు అనుకుంటే ప్రేక్షకులు అనుకోరా? ట్విస్టు ఉండాలక్కా."

 ఆపరేటరు గారు నవ్వి, "ఆ వేషం ఎవరికిస్తున్నారు?" అని అడిగారు. ఎవరూ దొరకలేదన్నారు వాళ్ళు. "అనుమానించడానికి నా మొహంకంటే తగిన మొహం ఎక్కడ దొరుకుద్ది బాబూ? పరీక్ష కూడా అయింది," అని నా వైపు చూశారు. అది ఎత్తిపొడుపో ఆటపట్టింపో నాకు ఇప్పటికీ తెలియదు. ఆటపట్టింపే అనుకుంటే నాకు నిద్ర పడుతుంది.

సూర్యలంక బీచి ఇసకలో ఆయన హీరోయిన్ని తరమాలి. తరుముతూ తరుముతూ, "అమ్మాయ్, చూసుకో, అక్కడ గాజుపెంకులు!" అని అరిచేవారు. మూడుసార్లు తీశారు, మూడుసార్లూ అదే. చుట్టూ చేరిన జనం నవ్వారు. డైరెక్టరు నెత్తి పట్టుకున్నాడు. చివరికి మాటలు తీసేసి గజ్జెల చప్పుడు పెట్టారు.

స్టేషను సీను రోజున హీరోయిన్‌కి డిగ్రీ పరీక్ష. "అక్కా, వెనకనుంచే తీస్తాం. మీరు నడవండి చాలు. వెనక్కి మాత్రం చూడొద్దు," అన్నారు. నడిచాను. వెనక ఆయన నడిచారు. బండి ఎక్కాను. కట్ అన్న అరుపు వినపడింది. నేను ఎట్లాగూ ఇంటికి పోవాల్సిన బండే కాబట్టి దిగలేదు.

తెనాలిలో ఒక హాలు అడిగి ఒక ఉదయం ఆట వేశారు. ఆపరేటరు గారు నా పక్కనే వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నారు. స్తంభం పక్క నుంచి తెల్లచొక్కా బయటికి రాగానే హాల్లో ఆడపిల్లలు కెవ్వుమన్నారు. "భయపడ్డారు చూశావా?" అన్నారాయన సంతోషంగా. "మంచిదే. ఇవాళ్టి నుంచి వెనక చూసుకుంటూ నడుస్తారు."

కానీ నేను చూస్తున్నది వేరు. కట్ అన్నాక కూడా కెమెరా ఆపలేదు వాళ్ళు. తెర మీద నా పెట్టె కదులుతోంది. ఆయన ఆగాలి, ఆగలేదు. పదిహేనడుగుల దూరంలో బండితోపాటు నడిచి, ప్లాట్‌ఫారం చివర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసి, ఒకసారి చెయ్యెత్తి దించారు. జనానికి అది హంతకుడి చూపు. రోజూ నా వెనక జరిగిందేంటో నేను చూసింది ఆ ఒక్కసారే.

"సార్, ఆ రోజు డాక్టరు గారి దగ్గర నేను..." అన్నాను చీకట్లో.

"సినిమా చూడు," అన్నారు, వలిచిన పప్పులు నా చేతిలో పోసి.

ఆ తర్వాత ఊపిరితిత్తులు చెడి బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. రోజూ ఇల్లు చేరాక ఒక రింగు ఇవ్వమన్నారు. ఇస్తే రెండో రింగుకి కట్ చేసేవారు. చేరావా, చేరాను. మా మధ్య ఇన్నాళ్ళూ నడిచిన సంభాషణ అదే.

మొన్న బాపట్లలో ఆయన్ని కడసారి చూసి వస్తుంటే కూతురు ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. తిరుగు రైల్లో తెరిచాను. ఆకుపచ్చ, గొడుగు, పసుపు చున్నీ, అన్నీ దాటాక నేను ఫిర్యాదు చేసిన రోజుది ఒక పేజీ. "ఇవాళ అమ్మాయి నా మీదే చెప్పింది. పని నేర్చుకుంది." దాని కింద, కాస్త చిన్న అక్షరాల్లో, "ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు."

ఆ రెండో వాక్యం దగ్గరే పుస్తకం మూశాను. ఆయన్ని బాధపెట్టాను. అడగాల్సిన క్షమాపణ అడగలేదు. ఆయన అడగనివ్వలేదని సర్దిచెప్పుకుంటున్నాను గానీ, గట్టిగా అడిగితే ఆపేవారా? ఆ సాయంత్రం ఇల్లు చేరి, అలవాటుగా ఆయన నంబరుకి రింగు ఇచ్చాను. రెండో రింగుకి కట్ అయింది. కూతురికి కూడా చెప్పిపెట్టి వెళ్ళారన్నమాట.

ఆయన బల్ల దగ్గరికి ఇప్పుడు కొత్తమ్మాయి వచ్చింది. చుండూరు వైపు నుంచి వస్తుంది. ఊరు నాకు చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. గోడ మీద కాగితం గట్టిగా చదివించాను. అక్కా అని పిలిస్తే వినపడనట్టు కూర్చున్నాను. మేడమ్ అంటుంది, నేనంటే గిట్టదనుకుంటాను.

మొన్న సాయంత్రం ఆ పిల్ల స్టేషనుకి నడుస్తుంటే నేనూ బయల్దేరాను, పదిహేనడుగుల వెనక. ఆమె బండి వేరు, నా బండి వేరు. స్తంభం దగ్గర ఆగాను. పెట్టె ఎక్కబోతూ ఆ పిల్ల ఎందుకో వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. కనుబొమలు ముడిచి, బ్యాగు గుండెకి హత్తుకుని, బండి కదిలేదాకా తలుపు దగ్గరే నిలబడి నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది.

మంచిదే అనుకున్నాను. బండి మలుపు తిరిగాక చెయ్యెత్తి దించాను.